ఓల్డ్ ట్రాఫర్డ్, ఒక గడియారం, ఒక పైలట్

మొన్నామధ్య ఆన్‌సైట్ పని మీద మాంచెస్టర్‌లో మూడు వారాలు ఉండాల్సొచ్చింది. ఇంట్లో చెప్పగానే అమ్మ స్వెట్టర్ల సంగతి మొదలుపెట్టింది. నాన్న మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఓల్డ్ ట్రాఫర్డ్ అంటే ధోనీ రనౌటయ్యాడే, అదేనా?"

అది కాదు నాన్నా అంటే ఆయనకి నమ్మకం కుదర్లేదు. తప్పు ఆయనది కాదు లెండి. మాంచెస్టర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్ పేరుతో రెండు మైదానాలున్నాయి. 1990లో సచిన్ మొదటి టెస్టు సెంచరీ కొట్టిందీ, 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో ధోనీ రనౌటై మన గుండెలు పగిలిందీ క్రికెట్ మైదానంలో. ట్రామ్‌లో 'ఓల్డ్ ట్రాఫర్డ్' స్టాప్‌లో దిగితే ముందు కనిపించేది అదే. అక్కణ్ణించి పది పదిహేను నిమిషాలు నడిస్తే రెండోది వస్తుంది. నేను వెళ్ళింది రెండోదానికి. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ మైదానానికి.

క్రికెట్ తప్ప వేరే ఆట పడని ఇంట్లో నాకీ పిచ్చి ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి కదా. 2008 మే నెల, వేసవి సెలవలు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా బాబాయ్ అర్ధరాత్రి లేపి "ఒరేయ్, రారా, మంచి మ్యాచుంది" అని టీవీ ముందు కూచోబెట్టాడు. మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, యునైటెడ్‌కీ చెల్సీకీ మధ్య. అక్కడ వాన. పెనాల్టీల దాకా వెళ్ళింది. చెల్సీ కెప్టెన్ జాన్ టెర్రీ కాలు జారి బంతి పోస్టుకి తగిలింది, యునైటెడ్ గెలిచింది. అప్పటికి మనకి తెల్లవారుజాము మూడు. ఆ రాత్రి పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ జట్టు ఆట చూస్తూ కూడా వదల్లేదంటే అర్థం చేసుకోండి :)

2025 మార్చిలో ఓల్డ్ ట్రాఫర్డ్ పక్కనే లక్ష సీట్లతో కొత్త స్టేడియం కడతామని క్లబ్ ప్రకటించింది. ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ పాతదాన్ని ఒక్కసారైనా చూడాలని మనసులో ఉంది. అందుకే మొదటి శనివారమే టూర్ టికెట్ కొనేశా.

ముందు ఈ క్లబ్బు పుట్టుక గురించి నాలుగు ముక్కలు. ఇవాళ వేల కోట్ల వ్యాపారమే గానీ, 1878లో దీన్ని మొదలుపెట్టింది రైల్వే కార్మికులు. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేలో బోగీలూ వ్యాగన్లూ చేసే షెడ్డులో పనిచేసేవాళ్ళు. అప్పటి పేరు న్యూటన్ హీత్. 1902లో దివాలా అంచుకొస్తే కొత్త యజమానులొచ్చి పేరు మార్చారు. 1910 ఫిబ్రవరి 19న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మొదటి మ్యాచ్ లివర్‌పూల్‌తో ఆడి 4-3 తేడాతో ఓడిపోయారు. గృహప్రవేశం రోజునే పరువు పోయిందన్నమాట. రెండో ప్రపంచయుద్ధంలో, 1941 మార్చి 11 రాత్రి, జర్మన్ బాంబులు పడి మైదానం చాలావరకు నాశనమైంది. మళ్ళీ కట్టుకునేదాకా, అంటే 1949 వరకూ, యునైటెడ్ తన ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ మైదానంలో అద్దెకి ఆడింది. 1910 నాటి కట్టడంలో ఇప్పటికీ మిగిలింది ఆటగాళ్ళు నడిచొచ్చే పాత సొరంగం దారి ఒక్కటే.

టూర్‌లో డ్రెస్సింగ్ రూము చూశాను, ఆ సొరంగం దారి చూశాను, మేనేజర్ కూచునే చోట నేనూ ఓసారి కూచుని ఫోటో దిగాను. చిన్నపిల్లాడిలా గంతులేశానంటే అబద్ధం కాదు. కానీ టూర్ అయ్యాక బయటికొచ్చి, స్టేడియం గోడ మీది ఒక గడియారం దగ్గర ఆగిపోయాను. దాని మీద రాసుంది రెండే ముక్కలు. 1958 ఫిబ్రవరి 6. మ్యూనిక్.

ఆ తేదీ ఏమిటో యునైటెడ్ అభిమానులకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం కథ మొదట్నుంచీ చెప్తాను.

1945లో మాట్ బస్బీ అనే స్కాట్లండ్ ఆయన యునైటెడ్‌కి మేనేజర్‌గా వచ్చాడు. పేరున్న ఆటగాళ్ళని డబ్బు పోసి కొనడం కంటే, పిల్లల్ని చిన్నప్పుడే పట్టుకుని తయారుచేసుకోవడం మీద ఆయనకి గురి. మన కంపెనీలు క్యాంపస్‌లో ఫ్రెషర్లని తీసుకుని ట్రైనింగ్ ఇచ్చినట్టన్నమాట. అలా తయారైన కుర్రాళ్ళని పత్రికలవాళ్ళు 'బస్బీ బేబ్స్' అని పిలిచేవారు. 1956లో, 1957లో వరసగా ఇంగ్లీష్ లీగ్ గెలిచారు. వాళ్ళలో డంకన్ ఎడ్వర్డ్స్ అనే కుర్రాడు 18 ఏళ్ళకే ఇంగ్లండ్ జట్టులో ఆడాడు.

అప్పట్లో ఐరోపా క్లబ్బుల పోటీ కొత్త. ఇంగ్లీష్ లీగ్ పెద్దలకి అది నచ్చలేదు. 1955లో చెల్సీని వెళ్ళనివ్వలేదు. 1956లో బస్బీ వాళ్ళ మాట వినకుండా తన జట్టుని తీసుకెళ్ళాడు. లీగ్ మాత్రం తన మ్యాచ్‌ల తేదీలు మార్చదు. బుధవారం ఐరోపాలో ఎక్కడో ఆడినా, శనివారం ఇంగ్లండ్‌లో మ్యాచ్‌కి తయారుగా ఉండాల్సిందే. ఈ తేదీల ఒత్తిడి కథలో ముఖ్యం, గుర్తుపెట్టుకోండి.

1957 డిసెంబర్‌లో ప్రాగ్‌లో ఆడి తిరిగొస్తుంటే పొగమంచుతో విమానం దొరక్క, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా ఓడెక్కి నానా తిప్పలూ పడి ఇల్లు చేరారు. ఆ అనుభవంతో తర్వాతి ప్రయాణానికి ఏకంగా ఒక విమానాన్నే మాట్లాడుకున్నారు. 1958 ఫిబ్రవరి 5న బెల్‌గ్రేడ్‌లో రెడ్‌స్టార్ జట్టుతో 3-3 డ్రా చేసుకుని, రెండు మ్యాచ్‌లూ కలిపి 5-4తో సెమీఫైనల్‌కి చేరారు. మర్నాడు తిరుగు ప్రయాణం. ఆ విమానంలో ఇంధనం మాంచెస్టర్ దాకా సరిపోదు కాబట్టి మ్యూనిక్‌లో ఆగారు. అక్కడ మంచు కురుస్తోంది.

మధ్యాహ్నం రెండున్నర దాటాక మొదటిసారి బయల్దేరబోయారు. ఇంజన్ ప్రెషర్ హెచ్చుతగ్గులవుతోందని పైలట్లు ఆపేశారు. రెండోసారీ అంతే. ప్రయాణికుల్ని దింపి లోపల కూచోబెట్టారు. ఇవాళ ఇక వెళ్ళం అనుకుని డంకన్ ఎడ్వర్డ్స్ తన ఇంటి ఓనరమ్మకి రేపొస్తానని టెలిగ్రామ్ కూడా ఇచ్చాడు. అంతలోనే మళ్ళీ పిలుపొచ్చింది. ఇంజన్ని పూర్తిగా సరిచెయ్యాలంటే రాత్రికి అక్కడే ఉండాలి. దానికంటే థ్రాటిల్‌ని నెమ్మదిగా తెరుస్తూ పోతే ఆ సమస్య రాదు, కాకపోతే రన్‌వే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది అని తేల్చుకున్నారు.

మూడు దాటాక మూడో ప్రయత్నం. నడుపుతున్నది కెప్టెన్ కెన్నెత్ రేమెంట్. పక్క సీట్లో విమానం బాధ్యత మొత్తం చూసే కమాండర్, కెప్టెన్ జేమ్స్ థెయిన్. వేగం 117 నాట్లకి చేరింది. అంటే ఇక బ్రేకు వేసినా రన్‌వే మీద ఆగలేని వేగం. గాల్లోకి లేవడానికి కావలసింది 119. ఇంకో రెండు నాట్లు, మన లెక్కలో గంటకి నాలుగు కిలోమీటర్ల కంటే తక్కువ. ముల్లు పెరగలేదు. 112కి పడింది, తర్వాత 105కి. విమానం రన్‌వే దాటి, కంచె తెంచుకుని, ఒక ఇంటిని గుద్దుకుంది.

లోపల 44 మంది. మొత్తం 23 మంది చనిపోయారు. వాళ్ళలో ఎనిమిది మంది ఆటగాళ్ళు: జెఫ్ బెంట్, రోజర్ బైర్న్, ఎడ్డీ కోల్మన్, మార్క్ జోన్స్, డేవిడ్ పెగ్, టామీ టేలర్, బిల్లీ వేలన్, డంకన్ ఎడ్వర్డ్స్. ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆస్పత్రిలో పోరాడి ఫిబ్రవరి 21న పోయాడు. అతనికి 21 ఏళ్ళు. మనం మొదటి ఉద్యోగంలో చేరే వయసు. కెప్టెన్ బైర్న్ అందరికన్నా పెద్దవాడనుకుంటే, అతనికీ 28 మాత్రమే. నా వయసే. ఎనిమిది మంది పత్రికా విలేఖరులు కూడా పోయారు. పైలట్ రేమెంట్ కొన్ని వారాల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు.

గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్ సంగతి చెప్పకుండా ఉండలేను. బయటపడినవాడు పారిపోకుండా, పేలిపోతుందన్న విమానంలోకి మళ్ళీ దూరి ఒక పసిపాపనీ, తర్వాత ఆమె తల్లినీ బయటికి లాగాడు. ఆ తల్లి అప్పటికి గర్భిణి. గోల్‌కీపర్ అంటే చేతులతో కాపాడేవాడు అని మా బాబాయ్ చెప్పేవాడు. అసలు అర్థం ఇదేనేమో.

పదమూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 19న, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే జట్టుతో మ్యాచ్. బస్బీ ఇంకా మ్యూనిక్ ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నాడు. ఆయన సహాయకుడు జిమ్మీ మర్ఫీ, వేల్స్ జాతీయ జట్టు మ్యాచ్ కోసం కార్డిఫ్‌లో ఉండిపోవడం వల్ల ఆ విమానం ఎక్కలేదు. ఆయనే రిజర్వు కుర్రాళ్ళనీ, అప్పటికప్పుడు తెచ్చుకున్నవాళ్ళనీ కలిపి జట్టు కట్టాడు. ఎవరు ఆడతారో అచ్చు వేసేనాటికి తెలీక, ప్రోగ్రామ్ పుస్తకంలో యునైటెడ్ ఆటగాళ్ళ పేర్లుండాల్సిన చోట ఖాళీ గీతలు వదిలేశారు. ఆ మ్యాచ్ 3-0తో గెలిచారు. పదేళ్ళకి, 1968 మే 29న, వెంబ్లీలో బెన్ఫికాని 4-1తో ఓడించి ఏ కప్పు కోసం వెళ్ళి ఆ కుర్రాళ్ళు పోయారో అదే కప్పు గెలిచారు. మేనేజర్ బస్బీయే. రెండు గోల్స్ కొట్టింది మ్యూనిక్‌లో బతికి బయటపడ్డ బాబీ ఛార్ల్టన్. ఆయన 2023 అక్టోబర్లో పోయేదాకా, ప్రమాదం నుంచి బయటపడ్డ ఆటగాళ్ళలో చివరివాడు ఆయనే.

ఇంతవరకూ నాకు ముందే తెలుసు. అభిమానులందరికీ తెలుసు. నాకు తెలియంది ఒకటుందని ఆ రాత్రి హోటల్లో తెలిసింది. గడియారం మీది తేదీ బుర్రలో తిరుగుతూ నిద్ర పట్టక, ఇంతకీ విమానం ఎందుకు లేవలేదు అని వెతకడం మొదలుపెట్టా. వృత్తి అలవాటు. ఏది కూలినా మనకి ముందొచ్చే ప్రశ్న రూట్ కాజ్ ఏమిటనే కదా.

జర్మనీ విచారణ సంఘం 1959లో చెప్పిన కారణం, రెక్కల మీద గడ్డకట్టిన మంచు. రెక్కలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవలసింది ఎవరు? పైలట్. బతికున్న పైలట్ ఎవరు? థెయిన్. అంతే, లెక్క సరిపోయింది. ఇంకో లెక్క కూడా ఉంది. రన్‌వే మీద సగం కరిగిన మంచు బురదలా పేరుకుంది. ఆ బురద చక్రాలకి అడ్డం పడి వేగాన్ని లాగేసిందంటే, రన్‌వే బాగోగులు చూడాల్సింది విమానాశ్రయంవాళ్ళు. అప్పుడు వేలు అటు తిరుగుతుంది.

రెక్కల మీద మంచుందనడానికి ఆధారం ఏమిటి? ఒకటి, కూలాక గంటల తరబడి మంచులో పడి ఉన్న విమానం రెక్కల్ని పరీక్షించినప్పుడు కొత్త మంచు కింద గడ్డ కనిపించడం. రెండోది, బయల్దేరే ముందు తీసిన ఒక ఫోటో. అందులో రెక్కల మీద తెల్లగా కనిపించింది. తర్వాత అసలు నెగెటివ్ తెప్పించి చూస్తే అక్కడ మంచు లేదని తేలింది. అంటే కాపీ చూసి తీర్పిచ్చారు. లాగ్ ఫైలు తియ్యకుండా ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి బగ్ తేల్చడం లాంటిది.

థెయిన్ మళ్ళీ విమానం నడపలేదు. ఆయన పనిచేసిన బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ చివరికి ఉద్యోగం తీసేసింది. చూపించిన కారణం, కమాండర్ ఎడమవైపు సీట్లో కూచోవాలన్న నిబంధన పాటించకుండా ఆ సీటు రేమెంట్‌కి ఇవ్వడం. ప్రమాదానికీ ఆ సీటుకీ ఏం సంబంధమో నాకైతే అర్థం కాలేదు. ఆయన బెర్క్‌షైర్‌లో కోళ్ళఫారం చూసుకుంటూ, కేసు తిరగదోడమని ఏళ్ళ తరబడి పోరాడుతూ గడిపాడు.

ఈలోగా బ్రిటన్‌లో బురదమంచు మీద విమానాలు పరిగెత్తించి ప్రయోగాలు చేశారు. ఆ బురద వేగాన్ని ఎంత దారుణంగా తినేస్తుందో అంకెల్లో తేలింది. 1965లో జర్మనీలో రెండోసారి విచారణ జరిగింది. బురద ప్రభావం ఉందని ఒప్పుకుంటూనే, రెక్కల మీది మంచే ముఖ్యమన్న మాట మాత్రం వాళ్ళు వదల్లేదు. చివరికి బ్రిటిష్ ప్రభుత్వం మళ్ళీ విచారణ పెట్టింది. 1969లో తీర్పొచ్చింది. కారణం రన్‌వే మీది బురదమంచు, థెయిన్ తప్పు లేదు అని. పదకొండేళ్ళు పట్టింది. ఆరేళ్ళకి, 1975లో, ఆయన గుండెపోటుతో పోయాడు.

ఆ ముల్లు 117 నుంచి ఎందుకు పడిందో ఇప్పుడు చూడండి. మొదటి రెండు ప్రయత్నాలూ మధ్యలోనే ఆపేశారు. విమానాలు తిరిగిన ముందు భాగంలో బురద కొంత చెదిరిపోయింది. ఆ చివరి భాగంలో మాత్రం చెదరకుండా అలాగే ఉంది. మూడోసారి దానిలోకి వెళ్ళారు. అంటే రెండుసార్లు టెస్ట్ చేసినట్టు అనిపించింది గానీ, కూలిన చోటుని ఒక్కసారీ టెస్ట్ చెయ్యలేదు.

ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు. కారణం థెయిన్ ఒక్కడే కాదు.

రెండేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో ఒక రాత్రి బ్యాచ్ జాబ్ ఫెయిలైంది. షిఫ్టులో ఉన్నది చేరి ఆర్నెల్లు కూడా కాని కుర్రాడు. రన్‌బుక్ తెరిచాడు, ఫెయిలైతే రీస్టార్ట్ చెయ్యమని ఉంది, చేశాడు. వేలకొద్దీ ఎంట్రీలు రెండేసిసార్లు పడ్డాయి. ఆ జాబ్‌ని రెండోసారి నడపాలంటే ముందు ఒక టేబుల్ ఖాళీ చెయ్యాలి. ఆ స్టెప్పు రన్‌బుక్‌లో లేదు. ఆ రన్‌బుక్ రాసింది నేను.

మర్నాడు క్లయింట్‌కి సాయంత్రంలోగా ఆర్‌సీఏ పంపాలి. "పెద్ద కథలొద్దు, మాన్యువల్ ఎర్రర్ అని రాసి క్లోజ్ చెయ్" అన్నారు పైనుంచి. రాశాను. ఆపరేటర్ సరిచూసుకోకుండా రీస్టార్ట్ చేశాడు, ట్రైనింగ్ ఇస్తాం అని. అబద్ధమేమీ రాయలేదు, రీస్టార్ట్ చేసింది అతనే కదా అని నాకు నేను చెప్పుకున్నా. రెక్కల మీద మంచు కూడా పూర్తిగా అబద్ధంలా వినపడదు. రెక్కలు పైలట్‌వి, రన్‌వే మనది. ఆ రేటింగులో అతనికి దెబ్బ పడింది. ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయాడు.

నా తప్పుని మ్యూనిక్‌తో పోల్చడం లేదు. అక్కడ పోయినవి ప్రాణాలు, ఇక్కడ పోయింది ఒక కుర్రాడి రేటింగు. కానీ తప్పు ఎక్కడుందో వెతకడం మానేసి, దగ్గర్లో ఎవడున్నాడో వెతికే బుద్ధి మాత్రం రెండు చోట్లా ఒకటే. పడ్డవాడికి చేతిలో ఫోటో కాపీ, మనకి చేతిలో రన్‌వే.

ఆ రాత్రే అతని నంబర్ వెతికి మెసేజ్ పెట్టాను. జరిగిందంతా రాసి, తప్పు నాదని, క్షమించమని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒకే ఒక్క లైను వచ్చింది.

"పర్లేదన్నా. ఆ డాక్యుమెంట్ మార్చారా?"

అక్కడ దొరికిపోయాను. మార్చలేదు. క్లోజైన టికెట్‌ని ఎడిట్ చెయ్యడం కుదరదు. కానీ కింద నోట్ పెట్టొచ్చు. థెయిన్ పదకొండేళ్ళు అడిగిందీ జాలి కాదు, రికార్డు సరిచెయ్యమని.

తిరిగొచ్చిన మొదటి సోమవారం ఆ టికెట్ తెరిచి, రన్‌బుక్‌లో స్టెప్పు లేదని, అది రాసింది నేనని, నా పేరుతో సహా నోట్ పెట్టి మా మేనేజర్‌కీ క్లయింట్ వైపు టీమ్‌కీ పంపాను. మేనేజర్ పిలిచి "ఇప్పుడు ఎవడడిగాడయ్యా నిన్ను?" అన్నారు. అడిగాడండీ ఒకడు అన్నాను. ఈసారి రేటింగు ఏమవుతుందో చూడాలి.

ఆ నోట్ స్క్రీన్‌షాట్ కుర్రాడికి పంపాను. ఒక బొటనవేలు గుర్తు వచ్చింది. అంతే. అంతకంటే ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు.

ఎప్పుడైనా మాంచెస్టర్ వెళ్తే ఓల్డ్ ట్రాఫర్డ్ చూడండి, ఫుట్‌బాల్ పిచ్చి లేకపోయినా సరే. ఆ గడియారం కింద ఒక్క నిమిషం నిలబడండి. పోయిన 23 మందిని తలుచుకోండి. వాళ్ళతో పాటు, బతికి బయటపడి కూడా పదకొండేళ్ళు అదే రన్‌వే మీద ఉండిపోయిన ఆ ఇంకొకాయన్ని కూడా.